అట్లాంటిక్ మీదుగానా, పసిఫిక్ మీదుగానా?

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు పడమటి దారి మనకు కొత్త కాదు. బే ఏరియాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు అమెరికా అంటే యూరప్ దాటాక, అట్లాంటిక్ దాటాక వచ్చే దేశమే. తూర్పుగా పోయినా అదే ఊరు వస్తుందని తెలిసినా మనసు ఒప్పుకోదు. ఎయిరిండియా కూడా 2015 డిసెంబరులో ఈ రెండు ఊళ్ల మధ్య నేరుగా విమానం వేసినప్పుడు అట్లాంటిక్ మీదుగానే నడిపింది. 2016 అక్టోబరులో పసిఫిక్ మీదికి మళ్లించింది. విమానం అదే బోయింగ్ 777, ఎక్కే చోటూ దిగే చోటూ అవే. పోల్చి చూడటానికి ఇంతకంటే మంచి జోడీ దొరకదు.

అట్లాంటిక్ దారి సుమారు 13,900 కిలోమీటర్లు. పసిఫిక్ మీదుగా వెళ్లిన తొలి విమానమైతే 15,300 కిలోమీటర్లు తిరిగింది. పటం పట్టుకున్నవాడు మొదటిదానికే ఓటేస్తాడు. గడియారం చూసేవాడు మాత్రం రెండోదాని పక్షం: అంత చుట్టు తిరిగీ అది 14.5 గంటల్లో చేరింది, దగ్గరి దారికి ఇంకో రెండు గంటలు పట్టేది.

తేడా అంతా గాలిది. విమానాలు ఎగిరే ఎత్తులో జెట్ స్ట్రీమ్ పడమర నుంచి తూర్పుకు ప్రవహిస్తుంటుంది. జపాన్‌కు చెందిన ఒయిషి వాసబురో 1920లలోనే బెలూన్లు ఎగరేసి దీన్ని పసిగట్టాడు. లోకమంతా చదవాలని ఎస్పరాంటో అనే కృత్రిమ భాషలో అచ్చు వేయించాడు, లోకం చదవలేదు! రాజమండ్రి నుంచి పాపికొండలకు లాంచీలో గోదావరికి ఎదురు వెళ్లి, వాలున తిరిగొచ్చినవాళ్లకు మిగతాది విడమరచి చెప్పక్కర్లేదు.

ఎదురుగాలిలో అట్లాంటిక్ విమానం నేల లెక్కన గంటకు 840 కిలోమీటర్లు కదిలితే, గాలివాటాన పసిఫిక్ విమానం 1,050 దాటింది. ఇంజన్ల కష్టం మాత్రం గంటగంటకీ ఇంచుమించు ఒకటే. చుట్టూ ఉన్న గాలిలో వేగం 900 అనుకుని లెక్కేస్తే తూర్పు విమానం చీల్చుకుపోయిన గాలి 13,000 కిలోమీటర్ల పైచిలుకు, పడమటి విమానానిది దాదాపు 14,900. నేలమీద పొడుగైన దారే గాలిలో పొట్టిదైంది. ఇంధనం ఖర్చయ్యేది ఈ రెండో కొలతకే కనుక పసిఫిక్‌ను చుట్టుదారి అనడం అన్యాయం. అలాగే అట్లాంటిక్‌ను తీసిపారేయడమూ తొందరపాటే. జెట్ స్ట్రీమ్ చలికాలంలో ఉరకలేస్తుంది, వేసవిలో నీరసపడుతుంది. గాలి మెత్తబడిన రోజున 1,400 కిలోమీటర్ల ఆదాకు మళ్లీ విలువ వస్తుంది.

నిజానికి రెండూ అడ్డదారులు కావు. గోళం మీద తాడు బిగించి కొలిస్తే ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య దూరం 12,400 కిలోమీటర్లే, ఆ తాడు ఉత్తర ధ్రువానికి చేరువగా పోతుంది. అక్కడ అత్యవసరంగా దిగేందుకు విమానాశ్రయాలు అరుదు, చలికి ఇంధనం గడ్డకట్టే భయం వేరే.

తేదీల దగ్గర రెండు పక్షాలకూ గొడవే లేదు. అక్టోబరులో పడమటికి పోతే గడియారాన్ని 12.5 గంటలు వెనక్కి తిప్పాలి. తూర్పుకైతే 11.5 గంటలు ముందుకు తిప్పి, పసిఫిక్ మధ్యలో తేదీ రేఖ దాటగానే ఒక రోజు తీసేయాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎటునుంచి దిగినా గోడ గడియారంతో పేచీ ఉండదు.

తిరుగు ప్రయాణంలో తీర్పు తారుమారవుతుంది. అటునుంచి ఢిల్లీకి గాలి తోడొచ్చేది అట్లాంటిక్ మీద, ఎదురొచ్చేది పసిఫిక్ మీద. పసిఫిక్ మీదుగా వెళ్లి అట్లాంటిక్ మీదుగా తిరిగొచ్చిన మనిషి భూగోళాన్ని తూర్పు ముఖంగా ఒక చుట్టు చుట్టేసినట్టే, టికెట్ మీద మాత్రం రానూపోనూ అనే ఉంటుంది.