ఒక్క రంగును వెనక్కి పంపే గాజు

కరెంటు స్తంభాల మీదుగా సన్నటి నల్ల కేబుళ్లు పోవడం మన వీధులకు అలవాటైపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఫైబర్‌నెట్ ఆ స్తంభాలనే ఆసరా చేసుకుని ఊరూరికీ పాకింది. లోపల గాజు పోగు ఉంటుందనీ, అందులో వెలుగు పరుగెడుతుందనీ బడిపిల్లలు కూడా చెప్తారు. ఆ వెలుగును మధ్యలో ఎవరు పంచుతున్నారు, ఎవరు మలుపు తిప్పుతున్నారు, వచ్చేదాన్నీ పోయేదాన్నీ ఎవరు విడదీస్తున్నారు అన్న ప్రశ్న మాత్రం పెద్దవాళ్లు కూడా వేయగా వినలేదు. ఆ పనులు చేసే భాగాలు చాలా చిన్నవి. కొంతకాలం వాటిని చేతులతో చేసినవాణ్ణి. వాటి మీద నాకున్న గౌరవం ఈ వారం మీతో పంచుకోవాలని ఉంది.

వెలుగును పోగులో నిలిపి నడిపించడం మొదటి మెట్టు. ఆ కథ చాలామంది రాశారు కాబట్టి త్వరగా దాటేస్తాను. 1966లో ఇంగ్లండ్‌లోని హార్లోలో చార్లెస్ కావో, జార్జ్ హాక్‌హమ్ ఒక లెక్క తేల్చారు. గాజులోని మలినాలు తీసేయగలిగితే, కిలోమీటరు దూరం పోయాక నూటికి ఒక వంతు వెలుగు మిగిలినా సరే, టెలిఫోను పని నడుస్తుందన్నారు. 1970లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీలో రాబర్ట్ మారర్, డోనల్డ్ కెక్, పీటర్ షుల్ట్జ్ అలాంటి పోగు తీసి చూపించారు. కావోకు 2009లో నోబెల్ వచ్చింది. ఇప్పటి పోగులో పదిహేను కిలోమీటర్లు ప్రయాణించాక కూడా సగం వెలుగు మిగులుతుంది. పోగు మొత్తం మందం 125 మైక్రాన్లు, వెలుగు నడిచే నడిమి భాగం దాదాపు 9 మైక్రాన్లే. నడిమి గాజులో కొద్దిగా జెర్మేనియం కలుపుతారు. దానివల్ల దాని వక్రీభవనం చుట్టూ ఉన్న గాజుకంటే రవ్వంత ఎక్కువవుతుంది, వెలుగు బయటికి జారిపోకుండా ఉంటుంది. ఈ జెర్మేనియం సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దాని పని పడుతుంది.

ఇక మీ ఇంట్లో గోడకు తగిలించిన ఫైబర్ పెట్టె సంగతి. దానికి వచ్చే పోగు ఒక్కటే. బయటినుంచి మీకు వచ్చే సమాచారం 1490 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న వెలుగు మీద వస్తుంది (ఈ తరంగదైర్ఘ్యాన్నే ఇకపై రంగు అంటాను). మీరు పంపేది 1310 మీద పోతుంది. ఒకే పోగులో రెండూ ఎదురెదురుగా నడుస్తాయి. పెట్టె లోపల ఒక చిన్న గాజు పలక మీద పొర మీద పొరగా వేసిన పూతలు 1490ని ఒక పక్కకు, 1310ని ఇంకో పక్కకు పంపుతాయి. వీధి మొదట్లో స్తంభానికి కట్టిన డబ్బాలో స్ప్లిట్టర్ ఉంటుంది. ఒక పోగులో వచ్చిన వెలుగును ఎనిమిదికో పదహారుకో ముప్పై రెండుకో పంచుతుంది. దానికి కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. ముప్పై రెండు వాటాలు వేస్తే ఒక్కో ఇంటికి మూడు శాతం వెలుగు, నిజానికి ఇంకాస్త తక్కువే చేరుతుంది. ఆ కాస్తతోనే సినిమాలు, పిల్లల పాఠాలు, అమెరికాలో ఉన్న కొడుకుతో మాటలు అన్నీ నడుస్తున్నాయి.

వెలుగును రెండు పోగులకు పంచే భాగాన్ని కప్లర్ అంటారు. పెద్ద స్ప్లిట్టర్లను ఇప్పుడు చదునైన గాజు పలకల మీద ముద్రించినట్టు చేస్తున్నారు గానీ, నేను నేర్చుకున్నది మంట మీద చేసే పద్ధతి. రెండు పోగులు తీసుకుని, నడుమ రెండు మూడు సెంటీమీటర్ల మేర ప్లాస్టిక్ పూత ఒలుస్తాం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో తుడుస్తాం. తడి ఆరాక గాజును వేలితో తాకకూడదు, చర్మం మీది నూనె ఒక చుక్క అంటినా మంటలో అక్కడే పోగు తెగవచ్చు. రెండింటినీ పక్కపక్కన చేర్చి ఒక మెలి తిప్పి, రెండు చివరలా బిగిస్తాం. కింద సన్నటి హైడ్రోజన్ మంట. బిగింపులు రెండూ రెండు వైపులకీ మెల్లగా జరుగుతుంటే మెత్తబడిన గాజు ఒకదానితో ఒకటి అతుక్కుని సాగుతుంది, సన్నబడుతుంది. ఒక పోగులోకి లేజరు వెలుగు వదిలి, అవతలి వైపు రెండు పోగులకూ రెండు పవర్ మీటర్లు పెట్టుకుంటాం.

మొదట కాసేపు ఏమీ జరగదు. ఒక మీటరు నిండుగా, రెండోది సున్నాగా ఉంటాయి. గాజు బాగా సన్నబడ్డాక నడిమి భాగం వెలుగును పట్టి ఉంచలేని స్థితికి వస్తుంది. వెలుగు పోగంతటా పరుచుకుని పక్క పోగులోకి పాకడం మొదలవుతుంది. రెండో మీటరు కదులుతుంది. ఒకటి, మూడు, పది, ఇరవై. నలభై దాటాక వేగం పెరుగుతుంది. రెండూ సమానమయ్యే క్షణానికి మంట తీసేయాలి. అరిసెల పాకం దించే గడియ తెలిసిన అమ్మలకు ఆ క్షణం ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. నాకు పని నేర్పిన పెద్దాయన పక్కనే నిలబడి ఒకే మాట అనేవారు. “మంట వైపు చూడకు బాబూ, మీటర్లు చూడు. మొదటి దాంట్లో తగ్గింది రెండో దాంట్లో పెరిగిందా? పెరగకపోతే మిగతాది ఎటు పోయిందో ముందు కనుక్కో.” రెండు అంకెలూ కలిపితే మొదటి అంకె రావాలి. రాలేదంటే గాజు మీద మురికైనా ఉంది, మంటైనా ఊగుతోంది, లేదా లాగే వేగం తప్పింది. ఏ తప్పైనా ముందుగా ఆ కూడికలోనే బయటపడేది.

సమానమయ్యాక కూడా ఆపకుండా లాగుతూ పోతే ఏమవుతుంది? వెలుగంతా రెండో పోగులోకి వెళ్లిపోతుంది. ఇంకా లాగితే మొదటి దానిలోకి తిరిగి వస్తుంది, మళ్లీ వెళ్తుంది. ఈ రాకపోకలు అన్ని రంగులకూ ఒకే చోట జరగవు. 1310 ఒక పొడవు దగ్గర దాటుతుంది, 1550 ఇంకో పొడవు దగ్గర దాటుతుంది. ఓపిగ్గా లాగుతూ వెళ్తే ఒకచోట 1310 అంతా ఒక పోగులో, 1550 అంతా రెండో పోగులో నిలుస్తుంది. అక్కడ ఆపితే చేతికి వచ్చింది పంచే భాగం కాదు, రంగులు విడదీసే ఫిల్టర్. కొత్త పదార్థం కలపలేదు, పూత వేయలేదు, మరికొంచెం లాగామంతే. ఈ రంగంలో నాకు అన్నిటికంటే అందంగా కనిపించేది ఇదే. వెలుగు ఒకే రీతిలో నడిచే సింగిల్ మోడ్ పోగుతో ఇలాంటి కప్లర్ చేయడాన్ని 1981లో ప్రచురించింది కెనడాలోని ఒటావాలో ఉన్న కమ్యూనికేషన్స్ రీసెర్చ్ సెంటర్ వాళ్లు: కవాసాకి, హిల్, లామాంట్.

ఆ హిల్ గారే, కెనెత్ హిల్, అంతకు మూడేళ్ల ముందు 1978లో అదే ప్రయోగశాలలో ఇంకా పెద్ద సంగతి పట్టుకున్నారు. జెర్మేనియం ఎక్కువగా కలిపిన పోగులోకి ఆర్గాన్ లేజరు నీలి వెలుగును పంపి వేరే ప్రయోగమేదో చేస్తున్నారు. నిమిషాలు గడిచేకొద్దీ అవతలి చివర వెలుగు తగ్గుతూ వచ్చింది. పోగు పాడైందని తీసి పారేసి ఇంకొకటి పెట్టుకోవచ్చు. వాళ్లు ఇవతలి చివర నుంచి తిరిగి వస్తున్న వెలుగును కొలిచారు. అటు ఎంత తగ్గిందో ఇటు అంత పెరుగుతోంది. నాకు నేర్పిన పెద్దాయన కూడికే ఇది.

జరిగింది ఇది. గాజు చివర, గాలి మొదలయ్యే చోట, దాదాపు నాలుగు శాతం వెలుగు వెనక్కి తిరుగుతుంది. వెళ్లే వెలుగు, తిరిగొచ్చే వెలుగు కలిసి పోగు పొడవునా వెలుగూ చీకటీ పట్టీలుగా నిలిచాయి. వెలుగు ఎక్కువున్న చోటల్లా జెర్మేనియం కలిసిన గాజు శాశ్వతంగా రవ్వంత మారింది. ఆ మార్పు చాలా చిన్నది. కానీ వేలకొద్దీ పట్టీలు ఒకే ఎడంతో ఉంటే, ఆ ఎడానికి సరిపడే రంగు ప్రతి పట్టీ దగ్గరా కొంచెం కొంచెం తిరిగి, అన్నీ కలిసి పూర్తిగా వెనక్కి వస్తుంది. మిగతా రంగులు ఏ అడ్డూ లేనట్టు ముందుకు సాగిపోతాయి. స్ఫటికంలోని పొరలు ఎక్స్ కిరణాలను ఇలాగే వెనక్కి పంపుతాయని 1912లో లారెన్స్ బ్రాగ్ వివరించాడు. అందుకే ఈ పోగుకు ఫైబర్ బ్రాగ్ గ్రేటింగ్ అని పేరు.

అయితే హిల్ బృందం చేసిన గ్రేటింగు తనను రాసిన నీలి వెలుగునే తిప్పగలిగేది. టెలిఫోను వెలుగు 1300, 1550 దగ్గర ఉంటుంది కాబట్టి పదేళ్ల పాటు దాని జోలికి వెళ్లినవాళ్లు తక్కువ. 1989లో అమెరికాలోని యునైటెడ్ టెక్నాలజీస్ పరిశోధకులు మెల్ట్జ్, మోరీ, గ్లెన్ దారి తెరిచారు. వెలుగును పోగు లోపలికి పంపకుండా, 244 నానోమీటర్ల అతినీలలోహిత కిరణాలు రెండింటిని పక్కనుంచి ఒక కోణంలో కలిపారు. కోణం మారిస్తే పట్టీల ఎడం మారుతుంది, అంటే ఏ రంగును తిప్పాలో మన ఇష్టం. 1993లో ఫేజ్ మాస్క్ వచ్చింది. గీతలు చెక్కిన క్వార్ట్జ్ పలకను పోగుకు ఆనించి పైనుంచి అతినీలలోహితం వేస్తే, ప్రతిసారీ అదే గ్రేటింగు. 1550కి పట్టీల ఎడం అర మైక్రానుకు కాస్త ఎక్కువ. ఒక్క సెంటీమీటరు పోగులో 18 వేలకు పైగా పట్టీలు పడతాయి.

వెనక్కి తిరిగిన రంగు వచ్చిన దారినే పోతుంది కదా, దాన్ని బయటికి తీయడం ఎలా? దానికి సర్క్యులేటర్ కావాలి. ఒకటో తలుపులో వచ్చినది రెండులోకి, రెండులో వచ్చినది మూడులోకి, అంతేగాని ఒకటికి తిరిగి పోదు. అయస్కాంతం దగ్గరున్న గాజులో వెలుగు కంపించే దిశ తిరుగుతుందని 1845లో మైకేల్ ఫారడే కనుక్కున్నదే దీనికి ఆధారం. సర్క్యులేటరు, గ్రేటింగు జతపడితే, ఎన్నో రంగులు పోతున్న పోగులోంచి మీకు కావలసిన ఒక్క రంగును దారిలోనే దించుకోవచ్చు.

గ్రేటింగుకు ఒక గుణం ఉంది, పని చేసేవాళ్లను ఏడిపిస్తుంది. వేడికి గాజు వక్రీభవనం మారి, అది తిప్పే రంగు జరుగుతుంది. 1550 దగ్గర ఒక్క డిగ్రీకి దాదాపు 0.01 నానోమీటరు. హైదరాబాదులో జనవరి తెల్లవారుజాముకీ మే మధ్యాహ్నానికీ ముప్పై డిగ్రీల తేడా అనుకుంటే 0.3 నానోమీటరు. పక్క పక్క రంగుల మధ్య ఎడం 0.8 నానోమీటరు, కొన్నిచోట్ల అందులో సగమే. అంటే ఎండాకాలంలో పొరుగు రంగు మీదికి పోయే ప్రమాదం ఉంది. దీనికి చేసిన ఉపాయం చూడండి. వేడికి వేర్వేరుగా వ్యాకోచించే రెండు లోహాల మీద పోగును కాస్త లాగి బిగిస్తారు. వేడి పెరిగినకొద్దీ ఆ బిగువు సడలుతుంది. వేడి ఎంత జరిపిందో సడలింపు అంత వెనక్కి తెస్తుంది, రంగు కదలదు. ఇదే గుణాన్ని ఇంకొందరు పనికి తెచ్చుకున్నారు. పోగును వంతెన కాంక్రీటులో, సొరంగం గోడలో పెట్టి, రంగు ఎంత జరిగిందో చూసి ఒత్తిడినీ వేడినీ చెప్తున్నారు. టెలిఫోను వాళ్లు వదిలించుకోవడానికి తంటాలు పడ్డ గుణం వంతెనల వాళ్లకు ముఖ్యమైన సాధనమైంది.

ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫైబర్ పాఠం చెప్పే అధ్యాపకులకు నాదొక మనవి. మన పిల్లలు ఈ పాఠాన్ని స్లైడుల మీద చదివి, సూత్రాలు అప్పజెప్పి, పోగును ఒక్కసారి కూడా చేత్తో పట్టుకోకుండా పట్టా తీసుకుని పోతున్నారు. మంట మీద కప్లర్ చేయించడం అందరికీ కుదరకపోవచ్చు. రెండు పవర్ మీటర్లు, 1310, 1550 రెండూ ఇచ్చే ఒక లైట్ సోర్సు, ఒక స్ప్లిట్టరు, కొన్ని పోగులు చాలు. స్ప్లిట్టరు ప్రతి చివరా కొలిపించండి, అన్నీ కూడించండి, కూడిక తగ్గితే మిగతా వెలుగు ఎటు పోయిందో వెతకమనండి. తర్వాత పోగును మార్కర్ పెన్ను చుట్టూ ఒక చుట్టు చుట్టించి రెండు రంగుల రీడింగులూ రాయించండి. 1550 ఎక్కువగా పడిపోతుంది, ఎందుకో వాళ్లే అడుగుతారు. పోగు చివరను మాత్రం ఎవరినీ కంటికి ఎదురుగా పెట్టుకోనివ్వకండి. ఆ వెలుగు కంటికి కనిపించదు.