కుక్క పుట్టిన ఊరు ఒక్క లైనులో తేలుతుందా?

మా స్కూల్ లైబ్రరీలో కుక్కల జాతుల గురించి బొమ్మల పుస్తకాలు రెండు ఉన్నాయి. ప్రతి పేజీలో ఒక ఫోటో, దాని కింద ఎత్తు, బరువు, రంగు, ఆఖర్న "పుట్టిన చోటు" అని ఒకే ఒక్క లైను. ఫోటోలు చాలా బాగున్నాయి. నా పేచీ అంతా ఆ చివరి లైనుతోనే.

విదేశీ కుక్కల విషయంలో ఈ పుస్తకాలు జాగ్రత్తగానే ఉన్నాయి. గ్రేట్ డేన్ పేరులో డెన్మార్క్ ఉన్నా, ఆ జాతిని తీర్చిదిద్దింది జర్మనీలో అని రాశారు. ఆస్ట్రేలియన్ షెపర్డ్ తయారైంది అమెరికాలో అని కూడా చెప్పారు. పేరు వేరు, పుట్టుక వేరు అని అక్కడే నాకు తెలిసింది. మరి మన దేశపు కుక్కల దగ్గరికొచ్చేసరికి ఆ జాగ్రత్త ఏమైంది?

మన కర్ణాటక కుక్కనే చూడండి. ముధోళ్ హౌండ్ పేజీలో "ముధోళ్, బాగల్‌కోట్ జిల్లా" అని ఉంది. ఆ కుక్కకే కారవాన్ హౌండ్ అని ఇంకో పేరుంది. కారవాన్ అంటే బిడారు. బిడారు వర్తకులతో పడమటి దేశాల నుంచి వచ్చిన వేటకుక్కల సంతతి అని చెబుతారు. ముధోళ్ సంస్థానాధీశుడు మాలోజీరావు ఘోర్పడే ఆదరించి పెంచడంతో ఆ ఊరి పేరు నిలిచింది. పుస్తకంలో ఈ ప్రయాణం లేదు.

రాజపాళయం కుక్కకు "తమిళనాడు" అని రాశారు. తప్పు కాదు. కానీ ఆ ఊరి రాజులు ఆంధ్ర ప్రాంతం నుంచి వెళ్ళి స్థిరపడిన తెలుగువాళ్ళు. మద్రాసు ముఖ్యమంత్రిగా చేసిన పి.ఎస్. కుమారస్వామి రాజాది ఆ ఊరే. కుక్కలు కూడా వాళ్ళ వెంటే వచ్చాయని ఒక కథ ఉంది. కథ రుజువు కాదు, నిజమే. "ఇలా చెప్పుకుంటారు" అని ఒక్క మాట రాస్తే ఏం పోతుంది?

జోనంగికైతే పేజీయే లేదు. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందల్ని కాసిన కుక్క అది. బాతులు పెంచేవాళ్ళు చేపల చెరువుల వైపు మళ్ళాక దానికి పని తగ్గిపోయింది. 2005లో తపాలా శాఖ నాలుగు దేశీ కుక్కల మీద స్టాంపులు వేసినప్పుడు ముధోళ్, రాజపాళయం ఉన్నాయి, జోనంగి లేదు. పుస్తకంలోనూ లేకపోతే మా వయసు పిల్లలకు దాని పేరు ఎలా తెలుస్తుంది?

ఇది కుక్కల గొడవే కదా అనుకోకండి. చందాపురలో నన్ను "మీది ఏ ఊరు?" అని అడుగుతారు. పుట్టింది ఇక్కడే. తాతగారిది మదనపల్లె వైపు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. ఒక్క ఊరి పేరు చెబితే సగమే చెప్పినట్టు ఉంటుంది. ఆ పుస్తకంలో రాజపాళయం పేజీ చూసినప్పుడు నాకు అదే అనిపించింది.

అందుకే ఆ ఒక్క లైను బదులు మూడు లైన్లు ఉండాలంటాను: పేరు ఏ ఊరిది, పెంచినవాళ్ళు ఎవరు, ఎక్కడినుంచి వచ్చిందని జనం చెప్పుకుంటారు. ఈ సెలవుల్లో మీ ఊరు వెళితే, అక్కడి కుక్కల గురించి పెద్దవాళ్ళను అడిగి రాసుకురండి. పుస్తకంలో లేని లైన్లు మనమే రాద్దాం.

— 9వ తరగతి విద్యార్థిని