కామరూప కథానాయకుడు - ఒక పరిశీలన

మనిషి మృగంగా, మృగం మనిషిగా మారే కథలు ఏ జాతికీ కొత్తవి కావు. కాని అలా మారే జీవిని ప్రేమకథకు నాయకుణ్ణి చేసి, ముఖ్యంగా యువతుల కోసం నవలల వరుసలు వెలువరించడం ఇటీవలి దశాబ్దాల్లో ఆంగ్ల ప్రచురణ రంగంలో పెద్ద వ్యాపారంగా ఎదిగింది. ఆంగ్ల మాధ్యమంలో చదువుకొనే మన ఇళ్ళ ఆడపిల్లల చేతుల్లోనూ ఇవి కనిపిస్తాయి. దయ్యాల పుస్తకాలని పెద్దలు తోసివేస్తారు. ఉత్త కాలక్షేపమని పిల్లలు సమర్థించుకొంటారు. ఈ రెండు మాటలూ పుస్తకం తెరవకుండానే అనగలిగినవి. తెరిచి చదివితే ఆలోచించవలసిన విషయం మరొకటి కనిపిస్తుంది.

ఉదాహరణకు అమెరికన్ రచయిత్రి స్టెఫనీ మేయర్ 'ట్వైలైట్' నవలలను తీసుకోవచ్చు. 2005 నుండి 2008 వరకు నాలుగు సంపుటాలుగా వెలువడి, 10 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడైన కథ ఇది. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఫోర్క్స్ అనే చిన్న ఊరిలో బెల్లా అనే బాలిక ఒకవైపు రక్తపిపాసి జాతికి చెందిన ఎడ్వర్డును, మరొకవైపు తోడేలుగా మారగల జేకబ్‌ను ఎరుగుతుంది. ప్రస్తుత పరిశీలన తోడేళ్ళకే పరిమితం.

ఈ తోడేలు కుర్రవాళ్ళలోని ఆకర్షణ ఏమిటి? వారు బలవంతులు, ఆపదలో అడ్డం నిలబడతారు, గుంపులో ఒకరికొకరు ప్రాణమిస్తారు. అన్నింటికంటే మించినది, మేయర్ వారికి కల్పించిన 'ముద్ర' అనే విశేషం. తోడేలుగా మారిన యువకుడికి ఒక స్త్రీ కంటబడిన క్షణంలోనే ఆమె రూపం అతని మనస్సుపై చెరగని ముద్రగా పడుతుంది. ఆపైన అతడు ఆమెను విడిచి పోలేడు. కట్నం బేరాల మధ్య, తలాక్ భయాల మధ్య పెరిగే బాలికకు, విడిచి పోవడం చేతకాని పురుషుడు కలలో కనిపిస్తే ఆశ్చర్యం ఏముంది? ఆ కోరికను ఎగతాళి చేయడం న్యాయం కాదు. రచయిత్రి దానిని చక్కగా కనిపెట్టింది.

అయితే ఆ కోరికకు ఆమె చెల్లించిన వెల ఏమిటో చూడాలి. ఈ 'ముద్ర' అన్న మాటను జంతుశాస్త్రం కూడా వాడుతుంది. గుడ్డు నుండి వెలువడిన పెద్దబాతు పిల్ల తొలుత కంటబడిన కదిలే ప్రాణినే తల్లిగా భావించి వెంటబడుతుందని కొన్రాడ్ లోరెంజ్ 1930లలో వివరించాడు. పిల్ల తల్లిని ఎన్నుకోదు. మేయర్ తోడేలు కూడా ప్రియురాలిని ఎన్నుకోడు. ఎన్నిక లేనిచోట మాట నిలుపుకోవడమన్నది కూడా ఉండదు.

గుంపు నాయకుడు సామ్ కథ దీనికి నిదర్శనం. అతడు లేయా అనే యువతిని ప్రేమించాడు. ఆమెకు వరుసకు సోదరి అయిన ఎమిలీ చుట్టపుచూపుగా రాగా, ముద్ర ఎమిలీపై పడింది. లేయా దిక్కులేనిదైంది. కాని సామ్‌ను నిందించే వీలు నవలలో లేదు. చేసినదంతా ముద్రే కదా! పిమ్మట ఒకనాడు సామ్ కోపంతో అదుపు తప్పి తోడేలుగా మారగా, దగ్గర నిలిచిన ఎమిలీ ముఖం ఒక పక్క చీరుకుపోయి శాశ్వతంగా మచ్చలు పడ్డాయి. అయినా ఆమె నవ్వుతూ గుంపుకంతటికీ వండిపెడుతుంది. సామ్ పశ్చాత్తాపంతో కుమిలిపోతూ ఆమెను ఆరాధిస్తాడు. పాఠకురాలు కరిగిపోతుంది. తోడేలు తోలు ఒలిచి చూస్తే ఇందులో మిగిలేదెవరు? కోపంలో తాను తాను కానని చెప్పి భార్యను గాయపరిచి, మరునాడు కన్నీళ్ళు పెట్టుకొనే భర్త. అతడు ఏ వీధిలోనైనా ఉన్నాడు.

మరొక ఘట్టం ఇంకా చింతనీయం. క్విల్ అనే యువకుడికి రెండేళ్ళ పసిపాపపై ముద్ర పడుతుంది. అతడు ఇప్పుడు అన్నగా, తర్వాత స్నేహితుడిగా, ఆమెకు ఏది అవసరమైతే అదిగా ఉంటాడని నవల సమర్థిస్తుంది. ఆ పాపకు ఎన్నుకొనే హక్కు ఉండదా అని బెల్లా సూటిగా అడుగుతుంది. ఉంటుంది, కాని అతణ్ణి కాదని ఎందుకంటుంది అని జేకబ్ ఎదురు ప్రశ్నిస్తాడు. ప్రశ్న అడగగలిగినందుకు రచయిత్రిని మెచ్చుకోవాలి. జవాబును అక్కడితో వదిలివేసినందుకు విమర్శించాలి. చివరి సంపుటంలో జేకబ్ ముద్ర బెల్లాకు పుట్టిన శిశువు మీదనే పడుతుంది.

తెలుగులో 'కామరూపి' అంటే ఇచ్ఛానుసారం రూపం ధరించేవాడు. ఈ నవలల్లో జరిగేది అందుకు విరుద్ధం. తొలినాళ్ళలో కోపమే వారి రూపాన్ని మారుస్తుంది, ముద్ర వారి ఇచ్ఛను మింగివేస్తుంది. పాత కథలు ఇలా లేవు. 'అలిఫ్ లైలా'లోని రెండవ ఖలందర్ కథలో ఇఫ్రీత్ ఒక రాకుమారుణ్ణి కోతిగా మారుస్తాడు. కోతి అయినా అతని చేతిలో అందమైన దస్తూరీ నిలిచి ఉంటుంది. రాజు ఆ కోతిని కూతురికి చూపించగా, ఆమె వెంటనే ముఖంపై ముసుగు లాక్కొని, పరపురుషుణ్ణి లోనికి తెచ్చారేమని తండ్రిని ప్రశ్నిస్తుంది. రూపం పోయినా మనిషి పోలేదని కథ చెప్పిన తీరు అది. 18వ శతాబ్దపు ఫ్రెంచి కథ 'సుందరి-మృగం' కూడా చూడదగినది. అందులో మృగం రాత్రిరాత్రికీ తనను పెళ్ళాడతావా అని అడుగుతుంది, సుందరి కాదంటుంది, మృగం నిట్టూర్చి వెళ్ళిపోతుంది. ఇంతటి బలముండీ 'కాదు' అన్న మాటకు తలవంచడమే దానిలోని మానవత్వం.

మేయర్ తోడేళ్ళకు క్విలూట్ తెగవారని పేరు పెట్టింది. వారు కల్పిత జనం కారు. అదే రాష్ట్రపు సముద్రతీరంలో లా పుష్ వద్ద నేడూ జీవిస్తున్నారు. వారి సంప్రదాయ కథలో తోడేళ్ళు మనుషులుగా మార్చబడ్డాయి. అక్కడి పయనం మానవత్వం వైపు. ముద్ర మేయర్ కల్పన; దానిని ఆ తెగ విశ్వాసమని పాఠకులు భ్రమపడరాదు.

నికాహ్‌లో ఈజాబ్, ఖబూల్ అనే రెండు మాటలుంటాయి. తన ఇష్టానికి విరుద్ధంగా తండ్రి నికాహ్ చేశాడని ఖన్సా బింతె ఖిదామ్ (ర) ఫిర్యాదు చేయగా, దైవప్రవక్త (స) ఆ నికాహ్‌ను రద్దు చేసిన ఉదంతం బుఖారీ గ్రంథంలో ఉంది. అడగడం, కాదనగలగడం - ఈ రెండూ అనురాగానికి అడ్డంకులు కావు, పునాదులు. విధి నిర్ణయించిన జోడీ అనే కల్పన ఈ కోవ నవలల్లో స్థిరపడిపోయినా, నాయిక దానిని నిరాకరించడానికి చోటు కల్పించిన రచయిత్రులూ లేకపోలేదు. అలాంటివారిని వెతికి చదవడం మేలు.

కాబట్టి బిడ్డ చేతిలోని పుస్తకాన్ని లాగివేయడం వల్ల ప్రయోజనం లేదు. తల్లి కూడా దానిని చదివి, లేయాకు ఎందుకు ఎవరూ జవాబు చెప్పలేదని, ఎమిలీ స్థానంలో అక్క ఉంటే ఏమనేదానివని బిడ్డను అడగవచ్చు. ఆ సంభాషణ జరిగిన ఇంట్లో ఆ నవల వల్ల కీడు తక్కువ.