రెండు ఫిబ్రవరి ఇరవైలు

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఎనిమిది మంది తెలుగు నాయకులు ఒక కాగితం మీద సంతకాలు పెట్టారు. 2014 ఫిబ్రవరి 20న అదే ఢిల్లీలో, రాజ్యసభలో, ప్రధాని మన్మోహన్ సింగ్ లేచి ఆరు హామీలు చదివారు. మొదటిది తెలుగు ప్రాంతాలను కలపడానికి ఇచ్చిన మాట. రెండోది వాటిని విడదీసేటప్పుడు ఇచ్చిన మాట. తేదీ ఒకటే కావడం కాకతాళీయం. రెండు మాటలూ నిలబడకపోవడం మాత్రం కాకతాళీయం కాదు.

1956 నాటి ఆ కాగితం పేరు పెద్దమనుషుల ఒప్పందం, దాని గురించి రాసేవాళ్లలో ఎక్కువమంది తెలంగాణ వాళ్లు. 2014లో హామీ ఇచ్చిన ప్రత్యేక హోదా గురించి రాసేవాళ్లలో ఎక్కువమంది ఆంధ్ర వాళ్లు. ఒకరి గాయం రెండోవారి పుస్తకంలో అరుదుగా కనిపిస్తుంది. దీనివల్ల ఇద్దరికీ నష్టమే జరిగింది. ఎవరి కథ వారికి ఒంటరి ద్రోహంగా తోస్తుంది తప్ప, మాట తప్పే పద్ధతి ఒకటుందని, అది రెండుసార్లూ ఒకే దారిన నడిచిందని తెలియదు. అందుకే ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవాలనిపించింది.

ముందు 1956 పాఠం. ఆంధ్ర పక్షాన బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. తెలంగాణ పక్షాన బూర్గుల రామకృష్ణారావు, కొండా వెంకట రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. అప్పటికి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణపై ఫజల్ అలీ కమిషన్ నివేదిక వచ్చి కొన్ని నెలలైంది. హైదరాబాద్ రాష్ట్రాన్ని ప్రస్తుతానికి విడిగానే ఉంచాలని, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో ఒప్పుకుంటేనే కలపాలని ఆ కమిషన్ చెప్పింది. తెలంగాణ వాళ్ల భయాలకు అందులో చోటు దొరికింది. ఆ భయాలను తీర్చి, వాళ్లను వెంటనే ఒప్పించడానికి రాసుకున్నదే ఈ ఒప్పందం.

చదివితే అందులో గొప్ప మాటలేవీ కనపడవు. ఇంటి పెద్దలు ఆస్తి పంపకాల కాగితం రాసుకున్నట్టు ఉంటుంది. ఉమ్మడి పరిపాలన ఖర్చును రెండు ప్రాంతాలూ దామాషా ప్రకారం భరించాలి. ఆ తర్వాత తెలంగాణ ఆదాయంలో మిగిలింది తెలంగాణలోనే ఖర్చుపెట్టాలి. అక్కడి ఉద్యోగాలకు పన్నెండేళ్ల నివాసం కావాలి. అక్కడి కాలేజీల్లో సీట్లు అక్కడి విద్యార్థులకు దక్కాలి. వ్యవసాయ భూముల అమ్మకాలు తెలంగాణకు ఏర్పడే ప్రాంతీయ మండలి అదుపులో ఉండాలి. మంత్రివర్గంలో అరవై నలభై నిష్పత్తి పాటించాలి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు కావాలి. మండలికీ ప్రభుత్వానికీ పేచీ వస్తే కేంద్రం తీర్పే ఆఖరు. పదేళ్ల తర్వాత సమీక్ష.

రాత పనిగా చూస్తే ఇది ఎంతో జాగ్రత్తపరులు రాసిన పత్రం. భూమి, కొలువు, చదువు, ఖజానా, కుర్చీ, దేన్నీ వదల్లేదు. కానీ ఇంత జాగ్రత్తపడిన వాళ్లు దీన్ని చట్టంలో పెట్టించలేదు. సంతకం చేసిన వాళ్లు దాదాపు అందరూ ఒకే పార్టీ వాళ్లు, పేచీ తీర్చాల్సిన కేంద్రంలోనూ అదే పార్టీ. మనలో మనకు కోర్టులెందుకన్న ధీమా ప్రతి వాక్యం వెనకా ఉంది.

ఆ ధీమా తొలిరోజే పోయింది. 1956 నవంబర్ 1న నీలం సంజీవరెడ్డి కొత్త ఆంధ్రప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఉపముఖ్యమంత్రి లేరు. ఆ పదవిని ఆయన చేతికి ఆరో వేలుగా కొట్టిపారేశారని తెలంగాణలో నేటికీ చెప్పుకుంటారు. సంతకం పెట్టిన వారే, తొమ్మిది నెలలైనా తిరక్కముందే, ఆ సంతకాన్ని పక్కనపెట్టారు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న అన్న సామెతకు రాజకీయాల్లో ఇంతకన్నా సూటి ఉదాహరణ నాకు తట్టడం లేదు. ఆయన తర్వాత ముఖ్యమంత్రి అయిన సంజీవయ్య మంత్రివర్గంలో కొండా వెంకట రంగారెడ్డి ఉపముఖ్యమంత్రిగా ఉన్న మాట నిజమే. అయితే అప్పటికి జరగాల్సిన నష్టం జరిగిపోయింది. బయటివాళ్లను కూడా కలుపుకోవలసిన ప్రాంతీయ మండలి 1958లో శాసనసభ్యులతో కూడిన కమిటీగా కుదించుకుపోయింది. మిగులు నిధుల సంగతి తేల్చడానికి 1969లో రెండు కమిటీలు వేశారు. 34.10 కోట్లని లలిత్ కమిటీ, 28.34 కోట్లని భార్గవ కమిటీ తేల్చాయి. లెక్కలో తేడా ఉంది కానీ, తెలంగాణలో ఖర్చు కావాల్సిన డబ్బు కాలేదన్న విషయంలో తేడా లేదు.

ఇక 2014. ఇక్కడ ఒప్పందమే లేదు. రాష్ట్ర విభజన బిల్లు ఫిబ్రవరి 18న లోక్‌సభలో, ప్రత్యక్ష ప్రసారాలు ఆగిపోయిన స్థితిలో, ఆమోదం పొందింది. రెండు రోజులకు రాజ్యసభలో ప్రధాని ఆరు హామీలిచ్చారు. కేంద్ర సాయం విషయంలో పదమూడు జిల్లాల ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్లు ప్రత్యేక హోదా ఇస్తామన్నది వాటిలో మొదటిది. ఐదేళ్లు చాలదు, పదేళ్లు కావాలని అప్పటి ప్రతిపక్షం తరఫున వెంకయ్యనాయుడు పట్టుబట్టారు. అంటే మాట ఇచ్చిన పార్టీ ఐదేళ్లంటే, అధికారంలోకి రాబోయే పార్టీ పదేళ్లంది. ఇద్దరూ ఒప్పుకున్న విషయం చట్టంలో మాత్రం ఎక్కలేదు. బిల్లును సవరిస్తే మళ్లీ లోక్‌సభకు పంపాలి, అందుకు తీరిక లేదు. 2014 నాటి 6వ నంబరు చట్టాన్ని ఎంత వెతికినా ప్రత్యేక హోదా అన్న మాట దొరకదు.

1956లో రాత ఉంది, చట్టం లేదు. 2014లో చట్టం ఉంది, అందులో అసలు మాట లేదు. పోనీ, చట్టంలో ఎక్కిన మాటలైనా గట్టివా అంటే, పదమూడో షెడ్యూలు తీసి చూడాలి. కడప జిల్లాలో సమగ్ర ఉక్కు కర్మాగారం పెట్టడానికి సాధ్యాసాధ్యాలను ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ ఆరు నెలల్లో పరిశీలించాలట. ఖమ్మం జిల్లా గురించి తెలంగాణకు ఇచ్చిన హామీ కూడా అచ్చం ఇదే వాక్యం. పెట్టాలి అని లేదు, పరిశీలించాలి అని ఉంది. పరిశీలించి లాభం లేదని చెప్పినా చట్టాన్ని పాటించినట్టే. 93వ సెక్షన్ పెట్టిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో నిండింది. అప్పటికి కేంద్రం కడపలోనూ కర్మాగారం కట్టలేదు, అప్పటి ఖమ్మం జిల్లాలోని బయ్యారంలోనూ కట్టలేదు. రాయలసీమ యువకుడూ ఖమ్మం యువకుడూ ఒకే వాక్యం చేతిలో మోసపోయారు. ఈ సంగతి వాళ్లిద్దరూ కలిసి మాట్లాడుకోవాల్సిన విషయం.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. అదే షెడ్యూలులో కచ్చితంగా పెట్టాలని రాసినవి చాలావరకు వచ్చాయి. తిరుపతిలో ఐఐటీ, తాడేపల్లిగూడెంలో ఎన్ఐటీ, మంగళగిరిలో ఎయిమ్స్ ఉన్నాయి. హైదరాబాద్ పదేళ్లు ఉమ్మడి రాజధాని అన్న సెక్షన్ గడువు నిండేదాకా చట్టంలో నిలిచింది. వాక్యం గట్టిగా ఉన్నచోట మాట ఎంతో కొంత నిలిచింది, మెత్తగా ఉన్నచోట జారిపోయింది.

రెండు సందర్భాల్లోనూ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది చెప్పిన సాకుల పోలిక. 1969 మార్చిలో సుప్రీంకోర్టు తెలంగాణ నివాస నిబంధనను కొట్టేసింది. నివాసం షరతును రాష్ట్రం మొత్తానికి పెట్టవచ్చు గానీ రాష్ట్రంలో ఒక భాగానికి పెట్టడానికి రాజ్యాంగం ఒప్పుకోదని చెప్పింది. కోర్టు తన పని చేసింది. కోర్టే కొట్టేసింది, మేమేం చేయగలమని పాలకులు చేతులెత్తేశారు. ఐదేళ్లు తిరిగేసరికి 32వ రాజ్యాంగ సవరణ వచ్చింది, 371డి అధికరణం చేరింది, స్థానికులకు ఉద్యోగాల్లో ప్రాధాన్యం రాజ్యాంగబద్ధమైంది. సాధ్యం కాదన్నది సాధ్యమే. మధ్యలో 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో పోలీసు కాల్పులకు పోయిన ప్రాణాలు, ప్రత్యేక ఆంధ్ర కోరిన 1972 జై ఆంధ్ర ఉద్యమంలో పోయిన ప్రాణాలు మాత్రం తిరిగిరావు.

2016 సెప్టెంబర్ 7 రాత్రి అప్పటి కేంద్ర ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ హోదా ఇవ్వనందుకు చెప్పిన కారణమూ ఇదే తరహాది. 14వ ఆర్థిక సంఘం తర్వాత ప్రత్యేక హోదా రాష్ట్రాలు, మామూలు రాష్ట్రాలు అన్న తేడా లేదన్నారు. రాష్ట్రాల పన్నుల వాటా 32 నుంచి 42 శాతానికి పెరిగిన మాట వాస్తవం. కానీ హోదా ఇచ్చే అధికారం ఎన్నడూ ఆర్థిక సంఘానిది కాదు, జాతీయాభివృద్ధి మండలిది. పైగా కేంద్ర పథకాల్లో తొంభైకి పది నిష్పత్తి ఈశాన్య రాష్ట్రాలకూ హిమాలయ రాష్ట్రాలకూ కొనసాగుతూనే వచ్చింది. తేడా పోయిందన్నది ఆంధ్రకు చెప్పడానికే. ఒకసారి న్యాయస్థానం, ఒకసారి ఆర్థిక సంఘం: మాట తప్పిన వాళ్లు రెండుసార్లూ రాజ్యాంగ సంస్థల చాటునే నిలబడ్డారు.

ఇంతవరకు మోసం చేసినవాళ్ల సంగతి. మనవాళ్ల సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. 1956 కాగితం మీద సంతకం చేసిన చెన్నారెడ్డి 1969లో ఉద్యమ నాయకుడయ్యారు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ఆయన నడిపిన తెలంగాణ ప్రజా సమితికి పద్నాలుగింట పది సీట్లిచ్చారు జనం. ఆ ఏడాదే పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశారు. ముఖ్యమంత్రి మారారు, ఒప్పందం అమలు కాలేదు. 1973 సెప్టెంబర్‌లో వచ్చిన ఆరు సూత్రాల పథకం స్థానిక నివాసం కోరే ముల్కీ నిబంధనలనూ ప్రాంతీయ కమిటీనీ రెంటినీ తీసేసింది. పాత మాట తప్పినందుకు పరిహారంగా కొత్త మాట ఇచ్చారు. అదీ తప్పిందని 1985 డిసెంబర్ 30 నాటి 610 జీవో స్వయంగా ఒప్పుకుంది. నిబంధనలకు విరుద్ధంగా నియమించిన వాళ్లను 1986 మార్చి 31 లోగా వెనక్కి పంపాలని అందులో ఉంది. అమలెందుకు కాలేదో చూడమని 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేశారు.

ఆంధ్రలోనూ ఇదే వరస. హోదాకు బదులు ప్యాకేజీ అంటే రాష్ట్ర ప్రభుత్వం 2016లో స్వాగతించింది. 2018 మార్చిలో ఆ ప్రభుత్వాన్ని నడిపే పార్టీ హోదాయే కావాలని కేంద్ర మంత్రివర్గం నుంచి బయటికొచ్చింది. ఆ జూలై 20న లోక్‌సభలో అవిశ్వాస తీర్మానం అనుకూలంగా 126, వ్యతిరేకంగా 325 ఓట్లతో వీగిపోయింది. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం అడుగుతూనే ఉంటామంది. అడగడం తప్ప వేరే దారి లేనట్టు, అదే ఒక కార్యక్రమమైనట్టు ఏళ్లు గడిచాయి. మాట తప్పడానికి ఎదుటివాడు ఒక్కడే చాలు. ఆ తప్పు మాఫీ కావాలంటే మన పక్షాన నిలబడ్డవాడి ఒప్పుదల కావాలి. రెండు చరిత్రల్లోనూ ఆ ఒప్పుదల దొరికింది.

ఈ రెంటిలో ఏది పెద్ద తప్పని అడిగితే 1956దే అంటాను. అక్కడ కలిసి బతకబోయే అన్నదమ్ములు ఎదురెదురుగా కూర్చుని రాసుకున్నారు, రాసుకున్నవాళ్లే తప్పారు. 2014లో చెప్పింది ఒక ప్రభుత్వం, తప్పింది మరొకటి. పైగా అది నోటిమాట. కానీ ఆ నోటిమాట పలికింది సంతలో కాదు, పార్లమెంటులో. సభ రికార్డులో ఉన్న ప్రధాని మాటకు విలువ లేదంటే ఇక దేనికి విలువ ఉంటుందో పాలకులు చెప్పాలి. తీవ్రతలో తేడా ఉందని చెప్పి ఆంధ్ర ప్రజల ఆవేదనను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1956 మాట తప్పినందుకు తెలంగాణ చివరికి ప్రత్యేక రాష్ట్రం సాధించుకుంది. 2014 మాట తప్పినందుకు ఆంధ్రకు ఇంతవరకు ఏమీ దక్కలేదు.

విభజన జరిగి పదేళ్లు దాటినా విభజన చట్టం తొమ్మిది, పదో షెడ్యూళ్ల సంస్థల పంపకం పూర్తి కాలేదు, కృష్ణా జలాల పేచీ తేలలేదు. ఇద్దరు ముఖ్యమంత్రులు మళ్లీ ఒక బల్ల ముందు కూర్చోక తప్పదు. అప్పుడు రాసే కాగితాన్ని సంతకాలకు ముందే రెండు శాసనసభల్లో పెట్టమని, అందులో ప్రతి పనికీ తేదీ, ఆ తేదీ దాటితే ఎవరు జవాబుదారో రాయమని రెండు రాష్ట్రాల పాఠకులూ తమ ఎమ్మెల్యేలను ఇప్పుడే అడగాలి.