మేనత్తను బతికించిన సినిమా

విభూతిభూషణ్ బందోపాధ్యాయ్ నవల 'పథేర్ పాంచాలీ'లో ముసలి ఇందిర్ ఠాక్రూన్ కన్నుమూసేనాటికి, ఆమె తలదాచుకున్న ఇంటి పిల్లవాడు అపు ఇంకా పొత్తిళ్ళ బిడ్డ. ఆమె ముఖం కూడా వాడికి గుర్తుండదు. అదే నవలను సత్యజిత్ రాయ్ సినిమాగా తీసినప్పుడు ఆమెను ఇంకో నాలుగైదేళ్ళు బతికించాడు. సినిమాలో అపు ఆమె దగ్గర కూర్చుని కథలు వింటాడు, చివరికి అక్కతో కలిసి ఆమె శవాన్నీ చూస్తాడు. నవల నుంచి సినిమాకి వచ్చేసరికి జరిగిన మార్పులు చాలానే ఉన్నాయి. వాటిలో నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది ఇదే. ఒక ముసలమ్మ చావును కొన్నేళ్ళు వాయిదా వేస్తే ఆ ఇంట్లో మిగిలిన నలుగురి మధ్య బాంధవ్యాలన్నీ మారిపోయాయి.

నవల 1928లో 'విచిత్ర' పత్రికలో ధారావాహికగా మొదలై 1929లో పుస్తకంగా వచ్చింది. రాయ్‌కి దానితో పరిచయం బొమ్మల ద్వారా కలిగింది. 1940లలో సిగ్నెట్ ప్రెస్ పిల్లల కోసం దాన్ని కుదించి వేసినప్పుడు బొమ్మలు గీసింది ఆయనే. సినిమా 1955లో విడుదలైంది.

ముందు చుట్టరికం సరిగ్గా తెలుసుకోవాలి. ఇందిర్‌నీ అపు తల్లి సర్వజయనీ చూసి అత్తాకోడళ్ళు అనుకోవడం తేలిక. కానీ ఇందిర్ సర్వజయ భర్త హరిహర్‌కి దూరపు వరసన అక్క. అంటే సర్వజయకు ఆడపడుచు, అపుకూ వాడి అక్క దుర్గకూ మేనత్త. ఈ తేడా చిన్నది కాదు. అత్తగారైతే ఆ ఇంటి మీద ఆమెకు అధికారం ఉండేది, కోడలి కోపానికి కొంత అదుపూ ఉండేది. దూరపు ఆడపడుచుకి అవేవీ లేవు. తమ్ముడి మంచితనమూ, మరదలి ఓపికా ఉన్నంతకాలమే ఆమెకు ఆ పంచన చోటు. సర్వజయ వైపు నుంచి చూస్తే, భర్త సంపాదన ఇద్దరు పిల్లలకే చాలని ఇంట్లో ఇంకొక నోరు. ఇద్దరి మధ్యా పోట్లాట అంతా వంటింటి దగ్గరే జరుగుతుంది, చెప్పకుండా తీసుకున్న ఏ చిన్న సరుకు గురించో.

నవల మొదటి భాగం పేరు 'బల్లాలి బాలాయ్'. బెంగాల్‌ను ఏలిన బల్లాల్ సేనుడి కాలం నుంచీ వచ్చిందని చెప్పుకునే కులీన వివాహ వ్యవస్థ మీద వేసిన పేరు అది. ఇందిర్ భర్త అలాంటి కులీనుడు. ఎన్నో చోట్ల పెళ్ళిళ్ళు చేసుకుని, ఎప్పుడో ఒకసారి కనిపించి వెళ్ళిపోయే మనిషి. ఆమెకు విశ్వేశ్వరి అనే కూతురు పుట్టి చిన్నతనంలోనే పోయింది. దుర్గ పుట్టాక ఆ ముసలి ప్రాణం, పోయిన కూతురే మళ్ళీ వచ్చిందని నమ్ముకుంది. నవలలో మేనత్తకూ మేనకోడలికీ మధ్య ప్రేమంతా ఈ పాత దుఃఖంలోంచి పుట్టింది. దానికి వెనక ఒక సంఘ చరిత్రే ఉంది.

రాయ్ సినిమాలో విశ్వేశ్వరి లేదు, కులీన వివాహాల చరిత్రా లేదు. ఆ స్థానంలో ఒక జామకాయ ఉంది. దుర్గ పక్కవాళ్ళ తోటలోంచి కాయ కోసుకొచ్చి అత్త గిన్నెలో దాచేస్తుంది. ఆ తోట ఒకప్పుడు హరిహర్ వాళ్ళదే, అప్పు కింద చెయ్యి మారింది. ముసలమ్మ వచ్చి గిన్నెలో చూసుకుని బోసినోటితో నవ్వుతుంది. ఈలోగా బావి దగ్గర నీళ్ళు తోడుకుంటున్న సర్వజయ చెవిన, నీ కూతురు దొంగ అన్న మాట పడుతుంది. ఒక్క కాయతో ముగ్గురు ఆడవాళ్ళ బంధం ఖాయమైపోయింది. పిల్ల అత్తకోసం దొంగతనం చేస్తుంది. అత్త ఆ దొంగతనాన్ని ముద్దు చేస్తుంది. ఆ ఇద్దరి వల్లా తల్లి ఊళ్ళో తలవంచుకుంటుంది. సర్వజయ కోపం కేవలం పిసినారితనం కాదని, నా కూతుర్ని నువ్వే చెడగొడుతున్నావన్న బాధ అందులో ఉందని ప్రేక్షకుడికి ఒక్క మాటా చెప్పకుండానే తెలుస్తుంది. నవలలో పేజీల కొద్దీ గతం చెప్పి చేసిన పనిని రాయ్ వర్తమానంలో, ఒక వస్తువు చేతులు మారడంతో చేశాడు.

ఆ ముసలమ్మగా వేసిన చునీబాలా దేవికి అప్పటికి ఎనభై ఏళ్ళ దగ్గర వయసు, ఎప్పుడో రంగస్థలం మానుకున్న నటి. సినిమా విడుదలయ్యేనాటికి ఆమె లేదు.

నవలలో ఇందిర్ మరణం పెద్దవాళ్ళ లోకంలో జరిగిపోతుంది. సర్వజయ పొమ్మంటుంది, ఆమె వెళ్ళిపోతుంది, ఊళ్ళోనే పరాయి చోట ప్రాణం పోతుంది. సినిమాలో ఆఖరిసారి ఇంటికి వచ్చిన సన్నివేశం గమనించండి. ఒంట్లో బాగాలేదు, ఇక్కడే ఉంటానంటుంది. సర్వజయ పని మీంచి సరిగ్గా తలెత్తదు. దాహమంటే నీళ్ళు నువ్వే తీసుకో అంటుంది. ముసలమ్మ తాగి, మిగిలిన నీళ్ళు మొక్కకి పోసి, చాపా మూటా తీసుకుని వెళ్ళిపోతుంది. తను ఉండబోని ఇంటి మొక్కకి నీళ్ళు పోయడంలో ఆ ఇల్లు తనదేనన్న మమకారమంతా ఉంది. అక్కడ ఒక్క మాట పెట్టినా చెడిపోయేది.

సరిగ్గా ఆ సమయానికి పిల్లలిద్దరూ రెల్లుపూల మధ్య రైలు చూడటానికి పరుగెత్తుతున్నారు. తిరిగొస్తూ వెదురుతోపులో అత్త కూర్చుని ఉండటం చూస్తారు. ఆటకి అలా కూర్చుందనుకుని దుర్గ కుదుపుతుంది. శరీరం పక్కకి ఒరిగిపోతుంది. ఆ చావు మొదట తెలిసింది పిల్లలకి. వెళ్ళగొట్టింది తల్లి, కనుక్కున్నది కూతురు. ఇక ఆ ఇంట్లో తల్లీకూతుళ్ళ మధ్య ఎవరూ ఎత్తని ఒక మాట మిగిలిపోతుంది. నవలలో లేని ఈ భారం దుర్గ కూడా పోయినప్పుడు సర్వజయ దుఃఖానికి వచ్చి చేరుతుంది.

రైలు విషయంలోనూ ఇలాంటి పనితనమే ఉంది. నవలలో అక్కాతమ్ముళ్ళు రైలుకట్ట వెతుక్కుంటూ వెళ్ళి, కనబడక తిరిగి వచ్చేస్తారు. దుర్గ రైలు చూడకుండానే చనిపోతుంది. ఊరు వదిలి రైలెక్కిన అపుకి, అక్క ఒక్కతే అక్కడ ఊరి చివర నిలబడిపోయిందనిపిస్తుంది. సినిమాలో ఇద్దరూ పరుగెత్తుతారు, దారి చూపించేది అక్కే. కానీ తట్టుకుని వెనకబడుతుంది, రైలు దగ్గరికి చేరేది తమ్ముడు ఒక్కడే. నవలలో ఊరు విడిచేటప్పుడు అపు మనసులో పలికే ఎడబాటును రాయ్ సినిమా మధ్యలోకి తెచ్చి, ఇద్దరి కాళ్ళ వేగంలో చూపించాడు. చూసేటప్పుడు మనకి ఆనందమే తెలుస్తుంది. అందులో ఉన్న తేడా దుర్గ పోయాకగానీ బయటపడదు.

దొంగతనం కథనూ ఆయన బిగించాడు. నవలలో దుర్గ పోయాక అపుకి దొరికేది బంగారు కుంకుమభరిణె, దాన్ని వెదురుడొంకలోకి విసిరేస్తాడు. సినిమాలో అది పూసలదండ. ఆ దండ కోసమే ఇంతకుముందు తల్లి దుర్గని జుట్టు పట్టుకుని ఈడ్చి బయటికి తోసి తలుపు వేసుకుంది. మనం అప్పుడు దుర్గ పక్షమే. కాబట్టి దండ దొరికినప్పుడు అపు కాపాడుకునేది అక్క పరువు మాత్రమే కాదు, కూతుర్ని నిందించి కొట్టిన తల్లికి ఆ కోపం నిజమేనని ఎప్పటికీ తెలియకుండా చేస్తున్నాడు. చెరువులో పడేసిన దండ మీద నాచు కమ్ముకుంటుంది. అపు తన ఇంటి కోసం తనంతట తాను చేసిన మొదటి పెద్దపని అదే.

తండ్రికి మాత్రం సినిమాలో చోటు తగ్గింది. నవలలో హరిహర్ కొడుకుని వెంటబెట్టుకుని శిష్యుల ఇళ్ళకి తీసుకెళ్తాడు, వాళ్ళిద్దరి మధ్య సాహచర్యం ఉంది. సినిమాలో ఆయన అవసరానికి ఇంట్లో లేని మనిషి. ఆ లేమినే రాయ్ ఎంత గొప్పగా వాడుకున్నాడంటే, తిరిగి వచ్చి సామాన్లు ఒక్కొక్కటే విప్పి చూపిస్తూ దుర్గకి తెచ్చిన చీర సర్వజయ చేతిలో పెట్టినప్పుడు ఆ తండ్రికి ఇంట్లో జరిగినదేదీ తెలియదు, మనకి అంతా తెలుసు. సర్వజయ ఏడుపు మనకి వినిపించదు. ఆ గొంతు స్థానంలో దక్షిణామోహన్ టాగోర్ వాయించిన తార్ షెహనాయి మోగుతుంది. సర్వజయగా వేసిన కరుణా బెనర్జీ సొంత కూతురే చిన్నప్పటి దుర్గగా కనిపిస్తుందని తెలిశాక ఈ దృశ్యం చూడటం నాకు ఇంకా కష్టమైంది.

మాట బదులు దృశ్యంతో చెప్పే ఈ పద్ధతి ఎంతవరకు పోతుందో, అపు కథను కొనసాగించిన 1956 నాటి సినిమా 'అపరాజితో'లో చూడవచ్చు. తల్లి చనిపోయిందని తెలిసినప్పుడు అపుకి ముందుగా కలిగింది విడుదల లాంటి ఒక భావమని విభూతిభూషణ్ రాశాడు. ఆ మాటే తనను ఆ సినిమా వైపు లాగిందని రాయ్ తర్వాత చెప్పుకున్నాడు. అయితే ఆ మాటను ఎక్కడా ఎవరి నోటా పలికించలేదు. కలకత్తాలో చదువుతూ సెలవులకి వచ్చిన కొడుకు పక్కన కూర్చుని, నాకు జబ్బు చేస్తే నీ సంపాదనతో వైద్యం చేయిస్తావా అని సర్వజయ అడుగుతుంది. జవాబు రాదు, కుర్రవాడు అప్పటికే నిద్రపోయాడు. అంతే. ఇంకొకసారి స్టేషన్ దాకా వెళ్ళినవాడు రైలు ఎక్కకుండా వెనక్కి వచ్చి, రైలు తప్పిపోయిందంటాడు. ప్రేమా, విసుగూ ఒకే కొడుకులో ఉంటాయని ఒప్పుకోవడం బెంగాల్ ప్రేక్షకులకి కష్టమైంది, సినిమా ఆడలేదు. అయినా 1957లో వెనిస్ చిత్రోత్సవంలో దానికి స్వర్ణసింహం వచ్చింది.

ఇంత చెప్పాక, సినిమా పోగొట్టుకున్నదీ చెప్పాలి. విశ్వేశ్వరి పోవడం నిజమైన నష్టమే. ఆమె లేకపోతే ఇందిర్ ఒక పేద ముసలమ్మ. ఆమె ఉంటే ఇందిర్ ఒక తల్లి, ఒక వ్యవస్థ చేతిలో కాపురం కోల్పోయి, కడుపుకోత కూడా అనుభవించిన ఆడది. జామకాయ ఆ చరిత్రని మొయ్యలేదు, రాయ్ మొయ్యమని దాన్ని అడగనూ లేదు. సినిమా ఎన్నిసార్లు చూసినవాళ్ళయినా సరే 'బల్లాలి బాలాయ్' భాగాన్ని విడిగా తీసుకుని చదవాలి. చునీబాలా దేవి బోసినవ్వు ముందే తెలిసి ఉంటుంది కాబట్టి ఆ పేజీలు మరింత దగ్గరగా వస్తాయి.