రేచకం: ఊపిరి వదలడమనే విద్య

మనస్సు చెదిరినప్పుడు దాని వెంటే దుఃఖం, కోరిక నెరవేరనందువల్ల కలిగే దౌర్మనస్యం, అవయవాల వణుకు, లయ తప్పిన ఉచ్ఛ్వాస నిశ్వాసాలు పుడతాయని పతంజలి యోగసూత్రాల మొదటి పాదంలోని 31వ సూత్రం చెబుతుంది. నేడు మానసిక ఒత్తిడి లక్షణాలుగా వైద్యులు పేర్కొనే చేతుల వణుకు, పైపైన వేగంగా సాగే శ్వాస, తెరిపి లేని దిగులు ఈ నాలుగింటిలోనే ఇమిడి ఉన్నాయి. మరో మూడు సూత్రాల తరువాత, చిత్తాన్ని ప్రసన్నం చేసే ఉపాయాలలో ఒకటిగా పతంజలి ప్రాణవాయువును వెలుపలికి విడవడాన్నీ నిలపడాన్నీ సూచించాడు. ఆ రెండింటిలో విడవడాన్నే ముందుగా చెప్పాడు. కంగారుపడుతున్న మనిషికి గట్టిగా గాలి పీల్చుకోమని సలహా ఇవ్వడం లోకంలో పరిపాటి కాగా, ఈ సూత్రం విడిచే శ్వాస మీద దృష్టి నిలిపింది. మందులు అక్కరలేని దైనందిన ఒత్తిడిని తగ్గించడంలో ప్రాణాయామానికి ఉన్న విలువలో సింహభాగం ఈ ఒక్క మెలకువదే అనడం అతిశయోక్తి కాదు.

శ్వాసను లోనికి తీసుకోవడం పూరకం, విడవడం రేచకం, ఆపి ఉంచడం కుంభకం. వీటిలో రేచకానికి శరీరంపై ఉన్న పట్టును అర్థం చేసుకోవాలంటే గుండె నడకను గమనించాలి. గుండె కొట్టుకోవడం, జీర్ణక్రియ, రక్తనాళాల సంకోచ వ్యాకోచాలు మనిషి ఇచ్ఛకు నేరుగా లోబడవు. వాటిని నడిపే స్వయంచోదిత నాడీవ్యవస్థలో ఒక విభాగం ప్రమాదవేళ శరీరాన్ని పోరాటానికో పలాయనానికో సిద్ధం చేస్తే, మరొకటి విశ్రాంతి వైపు మళ్లిస్తుంది. శ్వాస మాత్రం నిద్రలో తనంతట తాను సాగుతూనే, మెలకువలో మనిషి కోరినట్టు మారగలదు కనుక, ఇచ్ఛకు అందని ఆ వ్యవస్థను చేరడానికి అది దారి అవుతుంది. మెదడు కింది భాగం నుంచి గుండె మీదుగా పొట్ట దాకా సాగే వేగస్ నాడి గుండె వేగాన్ని అదుపులో ఉంచుతుంది. గాలి పీల్చేటప్పుడు ఆ అదుపు సడలి గుండె కాస్త వేగం పుంజుకుంటుంది, విడిచేటప్పుడు అదుపు తిరిగి బిగిసి వేగం తగ్గుతుంది. అందువల్ల పూరకం కన్నా రేచకం దీర్ఘంగా ఉన్న శ్వాసలో విశ్రాంతి పాలు ఎక్కువ.

అభ్యాసానికి ఆడంబరం ఏమీ అక్కరలేదు. వెన్ను నిటారుగా ఉంచి, నేల మీదైనా కుర్చీలోనైనా కూర్చుని, పొట్ట మెల్లగా ఉబ్బేలా నాలుగు లెక్కించే వరకు ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కించే వరకు ముక్కుతోనే విడవాలి. ఒక్కో లెక్క ఒక్కో సెకను అయితే నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. విశ్రాంతిగా ఉన్న పెద్దవారిలో సాధారణంగా 12 నుంచి 20 వరకు ఉంటాయి. నాడీశోధనంలో కుడిచేతి బొటనవేలితో కుడి నాసికను మూసి ఎడమవైపు పీల్చి, ఉంగరపు వేలితో ఎడమ నాసికను మూసి కుడివైపు విడిచి, తిరిగి కుడివైపే పీల్చి ఎడమవైపు విడిస్తే ఒక ఆవృత్తి పూర్తవుతుంది. ఘేరండ సంహిత 16 మాత్రల పూరకం, 64 మాత్రల కుంభకం, 32 మాత్రల రేచకం అని కొలత చెబుతుంది. మాత్ర అంటే ఒక హ్రస్వాక్షరాన్ని పలికే కాలం. ఒత్తిడి తగ్గించుకోవాలనుకునే గృహస్థుకు ఆ కుంభకంతో పని లేదు. పూరకానికి రెట్టింపు రేచకం అన్న నిష్పత్తి మాత్రం గ్రహించదగినది. తుమ్మెద ఝంకారం వంటి ధ్వనితో గాలి విడిచే భ్రామరి ఈ విద్యలో అందరికీ తేలికగా పట్టుబడేది, ఎందుకంటే పెదవులు మూసి ఆ ధ్వనిని సాగదీయాలంటే గాలిని నెమ్మదిగా వదలక తప్పదు. లెక్క పెట్టే శ్రమ లేకుండానే రేచకం దీర్ఘమవుతుంది, మనస్సుకు ధ్వని ఆలంబనం అవుతుంది.

మంత్రజపంలోనూ ఇదే జరుగుతుంది. ఇటలీకి చెందిన లూచియానో బెర్నార్డి బృందం 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన అధ్యయనంలో, 23 మంది ఆరోగ్యవంతులు లాటిన్ జపమాల ప్రార్థననూ 'ఓం మణి పద్మే హుం' మంత్రాన్నీ పఠించినప్పుడు వారి శ్వాస నిమిషానికి సుమారు ఆరుకు తగ్గి, గుండె లయకూ రక్తపోటుకూ మధ్య పొందిక మెరుగుపడినట్టు తేలింది. రెండు వేర్వేరు మతాల పఠనాలు ఒకే లయను చేరడం ఎంతో విశేషం. తెలుగునాట సంధ్యావందనంలో వ్యాహృతులతో కూడిన గాయత్రిని మనస్సులో పలుకుతూ చేసే ప్రాణాయామానిదీ ఇదే మార్గం. అది ఉపనయనమైన పురుషులకే పరిమితమై, చాలాచోట్ల ముక్కు తాకి విడిచే లాంఛనంగా మిగలడం విచారకరం. కులంతో, లింగంతో నిమిత్తం లేకుండా ఈ విద్య అందరికీ అందవలసింది.

ప్రాణవాయువును సింహాన్నీ ఏనుగునూ పులినీ మచ్చిక చేసినట్టు క్రమంగా వశపరచుకోవాలని, తొందరపడితే అది సాధకుణ్ణే దెబ్బతీస్తుందని హఠయోగ ప్రదీపిక హెచ్చరిస్తుంది. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారూ గర్భిణులూ కుంభకం జోలికి పోరాదు. తల తిరిగినట్టనిపిస్తే ఆపి మామూలుగా శ్వాసించాలి. వైద్యుడు రాసిన మందులను అభ్యాసం మీది నమ్మకంతో సొంతంగా మానడం ప్రమాదకరం. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బతుకు మీద ఆశ సన్నగిల్లినా అది దైనందిన ఒత్తిడి హద్దు దాటినట్టే కనుక వైద్యుణ్ణి కలవాలి. అప్పుల భారాన్నో కార్యాలయంలోని అన్యాయాన్నో రేచకం తొలగించలేదు, వాటి గురించి ఆలోచించే వేళ చేతులు వణకకుండా చూడగలదు. కోపం తలకెక్కిన క్షణంలో మొదటిసారి ప్రయత్నిస్తే శ్వాస మాట వినదు. కడుపు తేలికగా ఉన్న ఉదయపు వేళ, మనస్సు నెమ్మదిగా ఉన్న రోజులలోనే, పూటకు పది నిమిషాల చొప్పున దానిని అలవరచుకోవలసి ఉంటుంది.