మందలో పొట్టేలు మారితే

దేశీ పశుజాతుల మీద సభ జరిగితే ఫ్లెక్సీ మీద ఒంగోలు గిత్త ఉంటుంది. ఈమధ్య పక్కన పుంగనూరు ఆవు కూడా చేరింది. దక్కనీ నల్ల గొర్రెకు మాత్రం ఆ భాగ్యం లేదు. ఫొటోకు పనికొచ్చే అందం దానికి లేకపోవడమే కారణం కావచ్చు.

తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర మెట్టల్లో మైళ్లకొద్దీ నడిచి, ఏది దొరికితే అది మేసి బతికే జాతి ఇది. కురుమలు ఏటా రెండుసార్లు దీని ఉన్ని కత్తిరిస్తారు. ఆ ఉన్నిని ఏకి, వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గం మీద గొంగడి నేస్తారు. మందతో వెళ్లే మనిషికి వానలో గొడుగూ, చలిలో దుప్పటీ, రాత్రి పక్కా అదే. పంట కోసిన చేలో మంద పెడితే ఎరువుకు ఎరువు, కాపరికి తిండిగింజలు.

గొంగళ్ల గిరాకీ పడిపోయింది, మాంసం ధర పెరిగింది. కత్తిరింపు కూలి కూడా రాని ఉన్నిని ఎవరు పెంచుతారు? కాపరులు నెల్లూరు పొట్టేలును మందలోకి తెచ్చారు. ఎత్తుగా ఉంటుంది, పిల్లలు త్వరగా బరువెక్కుతాయి, ఉన్ని బాధ లేదు. వాళ్లను తప్పుపట్టడం అన్యాయం. అయితే ఇక్కడ సీమ జాతి ఊసే లేదు. నెల్లూరు గొర్రె కూడా అచ్చమైన దేశీ జాతే. ఒక దేశీ జాతి మరో దేశీ జాతిని మింగుతోంది. ‘దేశీని కాపాడండి’ అనే నినాదానికి ఈ సంగతి అందదు.

లెక్క చిన్నదే. బయటి పొట్టేలుతో కట్టిస్తే పుట్టిన పిల్లలో సగం దాని రక్తం. ఆ ఆడపిల్లను మళ్లీ అదే జాతి పొట్టేలుకు కట్టిస్తే ముప్పాతిక. మూడో తరానికి నల్ల గొర్రె వాటా 12.5 శాతం. గొర్రెల్లో మూడు తరాలకు ఐదారేళ్లు చాలు.

2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున యూనిట్లు పంచింది. గొర్రెలను పొరుగు రాష్ట్రాల నుంచీ తెచ్చారు. కొన్ని కుటుంబాలకు ఆదాయం వచ్చి ఉండొచ్చు. జాతి సంగతి ఆ పథకం లెక్కలోనే లేదు.

వీర్యాన్ని గడ్డకట్టించి దాచవచ్చు కదా అంటారు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల బ్యూరో ఆ పని చేస్తూనే ఉంది. చిక్కేమిటంటే, ఆవుకు ఎక్కించినంత తేలిగ్గా గొర్రెకు ఎక్కదు. గొర్రె గర్భాశయ ముఖద్వారం మెలికలు తిరిగి ఉంటుంది కాబట్టి గడ్డకట్టించిన వీర్యంతో మామూలు పద్ధతిలో చూలు నిలవడం తక్కువ. కాబట్టి బతికున్న పొట్టేలే దిక్కు. అదీ ఒకే మందలో ఏళ్ల తరబడి ఉంటే కూతుళ్లనే కడుతుంది. ఊరూరా కాపరులు నల్ల విత్తన పొట్టేళ్లను మార్చుకోవాలి. అలా మార్చుకునేవాడికి నల్ల పిల్ల మీద, నెల్లూరు పొట్టేలుకు పుట్టిన పిల్లతో పోలిస్తే వచ్చే నష్టాన్ని ఎవరో ఒకరు భరించాలి. సబ్సిడీ ఇవ్వాల్సింది అక్కడ.